ట్రయల్‌కి రోగి దుడ్డు కట్టడమేమిటి?



పోయిన నెల కమిటీ మీటింగులో చేతులెత్తనివాళ్లం నలుగురం ఉన్నాము. ఈ రాత ఆ నలుగురిదీ. రాసే చెయ్యి మాత్రం మాలో రైల్వే పార్సెల్ ఆఫీసులో 34 ఏళ్లు ఉండి వచ్చినది. బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరం పెళ్లయినాక ఇంట్లో నేర్చుకున్నది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. విషయం తప్పితే మన్నించొద్దు, ఆదివారం లేచి అడగండి.

"ఆ నలుగురికీ మనసు లేదు, చావుబతుకుల్లో ఉన్నోడికి మూడు లక్షలు ఇయ్యడానికి అడ్డం పడినారు" అని గ్రూపులో వచ్చింది. చదివినాము. రెండు దినాలు ఏమీ రాయలేదు. కోపంలో రాస్తే ఆ తమ్ముడి ఇంట్లోవాళ్లు చదివి నొచ్చుకుంటారని ఆగినాము. ఇప్పుడు ఆయన్నీ ఆయమ్మనీ అడిగి, పేరు లేకుండా రాయమంటేనే రాస్తున్నాము.

ఆ తమ్ముడు ఎవరో మీకందరికీ తెలుసు. లేత్ పట్టరై పెట్టుకుని పది మందికి కూలి ఇచ్చినవాడు. మండపం గేటు ఆయన చేసిందే. రెండేళ్ల కింద కుడికాలి చెప్పు నడుస్తుంటే జారిపోతా ఉండేది. తరువాత చేతిలో స్పానర్ నిలవలేదు. మెడ ఎముక అరిగిందన్నారు, పట్టీ కట్టినారు. నూనె మర్దన పద్నాలుగు వారాలు. ఇంకొకరు మెడకు ఆపరేషన్ అన్నారు. కడాకు నరాల డాక్టరు దగ్గరికి పోతే కండరాల్లో సూదులు పెట్టి కరెంటు టెస్టు చేసి, మోటార్ న్యూరాన్ జబ్బు అన్నారు. ఏఎల్ఎస్ అనేది దాంట్లో ముఖ్యమైన రకం. మెదడు నుంచీ వెన్నుపూస నుంచీ కండరానికి ఆజ్ఞ మోసుకుపోయే నరాలు చచ్చిపోతాయి. ఆజ్ఞ రాని కండరం కరిగిపోతుంది. చెయ్యి, కాలు, తరువాత మాట, మింగడం, చివరికి ఊపిరి. బుద్ధి చాలామందికి చక్కగానే ఉంటుంది, అంతా తెలుస్తానే ఉంటుంది. మొదటి గురుతు కనిపించినప్పటి నుంచి చాలామందికి రెండు నుంచి ఐదేళ్లు. స్టీఫెన్ హాకింగ్ 21 ఏళ్లకు ఈ జబ్బు వచ్చి 76 ఏళ్లు బతికినాడు కదా అని అధ్యక్షులు అన్నగారు అన్నారు. నిజమే అన్నా. కానీ ఆయన ఒక్కడే కాబట్టే లోకమంతా చెప్పుకుంటుంది.

ఇప్పుడు వేరే ఊర్లో ఒక క్లినిక్ "స్టెమ్ సెల్ ట్రయల్" అని చెప్పి ఐదు లక్షలు కట్టమంది. మూడు లక్షలు మండపం ఫండు నుంచి, రెండు లక్షలు మనలో మనం వసూలు. ఇదే తీర్మానం. ఆదివారం జనరల్ బాడీలో దీనికి ఒప్పుకోవాలంట.

మేము వద్దంటున్నది డబ్బు ఇయ్యడాన్ని కాదు, ఆ క్లినిక్‌కు ఇయ్యడాన్ని. ఎందుకో చెప్పడానికి ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాల.

ఎనిమిదేళ్ల కింద మన సంఘంలోనే ఇంకొక అన్నకు ఇదే జబ్బు వచ్చింది. అప్పుడు కూడా ఒక క్లినిక్, అప్పుడు కూడా "కొత్త ట్రీట్‌మెంటు, ట్రయల్‌లో ఉంది" అన్నారు. రశీదు పుస్తకం పట్టుకుని వీధి వీధి తిరిగింది మేమే. నాలుగున్నర లక్షలు వసూలు చేసి ఇచ్చినాము. వెన్నులో మూడు సార్లు సూదులు వేసినారు. మొదటి వారం ఆయన "చేతికి బలం వచ్చినట్టుంది" అంటే మేమంతా స్వీట్ పంచుకున్నాము. పదకొండో నెలలో పోయినాడు. ఆ అక్క నగ తాకట్టు బాకీ ఇప్పటికీ కడతా ఉంది. ఆ క్లినిక్‌కు పోయి లెక్క అడిగితే, ఎంతమందికి వేసినారు, ఎంతమంది ఒక ఏడు దాటినారు అని అడిగితే, కౌంటర్లో ఉన్న పిల్ల ఒక రంగుల కాగితం ఇచ్చింది. దాంట్లో నవ్వుతా ఉన్న ముసలాయన ఫోటో ఉంది. లెక్క లేదు. ఆ దినం మాకు బుద్ధి వచ్చుండాల, రాలేదు. ఈసారి వచ్చింది.

ట్రయల్ అంటే ఏమిటి? మాలో ఒకరి కోడలు ఫార్మసీ చదివినది. ఆ బిడ్డ నాలుగు సాయంత్రాలు కూర్చుని మాకు చెప్పింది. పార్సెల్ ఆఫీసు భాషలో చెప్తాము. పొద్దున తూకం తెరిస్తే ముందు ఖాళీ తట్ట సున్నా చూపిస్తుందా అని చూడాల. అది చూడకుండా మూట పెట్టి 40 కిలోలు అంటే ఆ 40లో మూట ఎంత, తట్ట ఎంత? మందు ఇయ్యనివాళ్ల గుంపు అనేది ఆ ఖాళీ తట్ట. ఒకే రకమైన రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, ఇంకొక గుంపుకు చూడను అట్లే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది అని రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 12 ప్రశ్నలకు 48 మార్కుల లెక్క ఒకటి ఉంది: మాట, మింగడం, రాయడం, గుండీ పెట్టుకోవడం, పడకలో తిరగడం, మెట్లు, ఊపిరి. నెల నెలా ఆ మార్కులు ఎంత వేగంగా పడిపోతున్నాయో రెండు గుంపుల్లోనూ పోలుస్తారు. అంతే.

ఆ క్లినిక్‌లో ఈ ఖాళీ తట్ట లేదు. వచ్చినోడందరికీ సూది, అందరి దగ్గరా డబ్బు. దానికి ట్రయల్ అని పేరు పెడితే, టికెట్ కలెక్టర్ కోటు తొడుక్కుని ప్లాట్‌ఫారంలో నిలబడ్డవాడు రైల్వేవాడు అయిపోతాడా?

"వీడియోలో ఒక పిల్లోడు నడుస్తున్నాడు కదా" అన్నారు. ఇది మన దక్షిణాది వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. మోటార్ న్యూరాన్ జబ్బు అంటే ఒకటే జబ్బు కాదు. 1970లో మద్రాసు డాక్టర్లు ఒక రకాన్ని గుర్తించి రాసినారు. దానికి మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు అనే పేరు. తమిళనాడు, ఆంధ్ర, కర్ణాటక, కేరళ పక్క ఎక్కువగా కనిపించేది. చిన్న వయసులో వస్తుంది, చేతులు కాళ్లు సన్నబడతాయి, చాలామందికి చెవుడు వస్తుంది, కానీ చాలా నిదానంగా పోతుంది, ఎన్నో ఏళ్లు బతుకుతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో గౌరీదేవి గారు 1984లో ఇంకొక దాని గురించి రాసినారు. పడుచు మగపిల్లలకు ఒక చెయ్యో ఒక కాలో సన్నబడి, కొన్నేళ్లు ముదిరి, దాని పాటికి అదే నిలిచిపోతుంది. ఇప్పుడు చెప్పండి. ఆ పిల్లోణ్ణి ఈ క్లినిక్‌కు పిలుచుకొని పోయి ఐదు లక్షలు కట్టించి సూది వేసి, మరుసటి ఏడు జబ్బు నిలిచింది అంటే, నిలిపింది ఎవరు? వీడియో ఎవరి పేరు మీద తిరుగుతుంది? ఖాళీ తట్ట చూడని తూకానికి ఇదే గతి.

ఇంకొకటి. స్టెమ్ సెల్ అనే మాటే అబద్ధం అని మేము అనడం లేదు. దాన్ని ఏఎల్ఎస్‌కు పద్ధతిగా పరీక్ష చేసినవాళ్లు ఉన్నారు. నూరౌన్ అనే స్టెమ్ సెల్ మందును అమెరికాలో సుమారు 200 మంది మీద, ఉత్త సూదితో పోల్చి చూసినారు. 2020లో ఫలితం వచ్చింది. అనుకున్న మేలు తేలలేదు. కొందరికి పని చేసింది అని కంపెనీ వాదించింది. రోగులు కన్నీళ్లతో అడిగినారు. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల శాఖ పిలిచిన నిపుణుల కమిటీలో 17 మంది చాలదన్నారు, ఒక్కరే సరే అన్నారు. అంత ఖర్చు చేసి, అంతమందిని చూసి, తేలనిది, మన పక్క ఊరి రెండో అంతస్తు క్లినిక్‌కు తేలిందంట!

"చావబోయేవాడికి ఇచ్చి చూస్తే నష్టమేముంది?" ఇదే కార్యదర్శి తమ్ముడి మాట. మనసుకు తగిలే మాట, మాకూ తగిలింది. కానీ నష్టం ఉంది. మినోసైక్లిన్ అని మామూలు యాంటీబయాటిక్, మొటిమలకు కూడా ఇస్తారు. ఎలుకల్లో బాగా పని చేసింది. ఎంతోమంది ఏఎల్ఎస్ రోగులు పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టలేక వాళ్ల పాటికి వాళ్లే మింగుతా ఉండినారు. 412 మంది మీద పరీక్ష చేస్తే, 2007లో తేలింది ఏమంటే, మందు మింగినవాళ్లు ఉత్త మాత్ర వాళ్లకంటే 25 శాతం వేగంగా దిగజారినారు. మందే వాళ్ల దినాల్ని తిన్నది. ఆ ఉత్త మాత్ర గుంపు లేకపోయుంటే "జబ్బు ముదిరింది పాపం" అనుకుని ఈ దినం వరకూ ఇస్తానే ఉండేవాళ్లు.

లిథియం కథ విన్నారా? 2008లో ఇటలీలో 44 మందిని చూసి, లిథియం తీసుకున్న 16 మందిలో 15 నెలలకు ఒక్కరూ పోలేదు అని రాసినారు. లోకమంతా ఎగబడింది. ఇంటర్నెట్‌లో రోగులే గుంపు కట్టి మింగి లెక్క రాసుకున్నారు. వాళ్ల లెక్కలోనూ మేలు కనిపించలేదు, తరువాత చీటీ వేసి చేసిన పరీక్షల్లోనూ కనిపించలేదు. డెక్స్‌ప్రామిపెక్సోల్ అని ఇంకొకటి. చిన్న పరీక్షలో ఆశ పుట్టించి, 943 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో 2013లో చతికిలపడింది.

"అమెరికాలో ఒప్పుకున్న మందు అయితే సరేనా?" అని ఒక తమ్ముడు అడిగినాడు. దానికీ జవాబు ఉంది, కొంచెం పొడుగు. 2014లో తల మీద ఐసు నీళ్లు పోసుకునే ఆట గుర్తుందా? మన పిల్లలు కూడా మండపం వెనక పోసుకున్నారు, ఎందుకో తెలియకుండానే. అది ఈ జబ్బుకు చందా వసూలు. అమెరికా ఏఎల్ఎస్ సంఘానికి 11 కోట్ల డాలర్లకు పైన వచ్చింది. దాంట్లో కొంత ఒక కొత్త మందుకు పోయింది. బ్రౌన్ యూనివర్సిటీలో చదువుకునే ఇద్దరు పిల్లలు ఆలోచించిన మందు, తరువాత రెలివ్రియో అని పేరు పెట్టినారు. 137 మంది మీద 24 వారాలు పరీక్ష చేసినారు. దిగజారడం కొంచెం నిదానించింది అని తేలింది. 2022 మార్చిలో నిపుణుల కమిటీ 6కు 4గా చాలదంది. రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు గట్టిగా పోరాడినారు. సెప్టెంబరులో మళ్లీ కూర్చుంటే 7కు 2గా సరే అంది. ఆ నెలలోనే అనుమతి వచ్చింది. ధర ఏడాదికి లక్షా 58 వేల డాలర్లు.

కానీ ఆ కంపెనీవాళ్లు నిపుణుల ముందర ఒక మాట ఇచ్చినారు: పెద్ద పరీక్ష జరుగుతా ఉంది, దాంట్లో పని చేయలేదని తేలితే మందును మేమే వెనక్కి తీసుకుంటాము అని. 664 మంది, 48 వారాలు. 2024 మార్చిలో ఫలితం: ఉత్త మందుకూ దీనికీ తేడా లేదు. ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. ఒక కంపెనీ దాని ఒకే ఒక మందును మార్కెట్టు నుంచి తీసేసింది. మేము కంపెనీల భక్తులం కాదు. ఆ ధర పెట్టినందుకు తిట్టినాము కూడా. అయినా ఆ మాట నిలబెట్టుకున్నారు, చూడండి. మన క్లినిక్ ఎప్పుడైనా "మా సూది పని చేయలేదు, డబ్బు ఆపేసినాము" అంటుందా? దానికి తప్పే దారే లేదు, లెక్కే లేదు కాబట్టి.

రైల్వేలో కొత్త లైను వేస్తే ప్రయాణికుల బండి ఊరికే పంపరు. రైల్వే సేఫ్టీ కమిషనర్ వచ్చి చూడాల. ఆ కమిషనర్ రైల్వే బోర్డు కింద ఉండడు, విమానయాన శాఖ కింద ఉంటాడు. లైను వేసినవాడే లైను బాగుందని చీటీ రాసుకోకూడదని. అమ్మేవాడే పరీక్షించేవాడు, వాడే మార్కులు వేసేవాడు, డబ్బు తీసుకునేదీ వాడే అయితే ఆ బండి ఎక్కమని మన తమ్ముణ్ణి ఎట్లా పంపుతాము?

మన దేశంలో దీనికి చట్టం ఉంది. 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ వచ్చినాయి. ట్రయల్ మొదలు కాకముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ పట్టీలో నమోదు కావాల. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, పైసా లేదు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాల. ట్రయల్ వల్ల రోగికి హాని అయితే వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా. పరిశోధన ఖర్చు రోగి మీద వేయకూడదని ఐసీఎంఆర్ 2017 నియమాలు చెప్తున్నాయి. అదే ఏడాది వచ్చిన స్టెమ్ సెల్ నియమాల్లో, రక్తపు జబ్బుల్లాంటి ఒప్పుకున్న కొన్నిటికి తప్ప మిగతావాటికి స్టెమ్ సెల్ ఇయ్యాలంటే పద్ధతైన ట్రయల్‌లోనే ఇయ్యాల అని ఉంది. మేము ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి నమోదు నంబరు అడిగినాము. "సార్, ముందు అడ్వాన్సు కట్టండి, వచ్చినాక ఫైలులో చూపిస్తాము" అన్నారు. మూడు సార్లు అడిగినాము. మూడోసారి ఫోన్ పెట్టేసినారు.

సరే, ట్రయల్ అంటే మనల్ని ఎలుకల్ని చేస్తారు అనే భయం. మన పెద్దలు చాలామంది ఇదే అంటారు, తప్పు పట్టము. మన దేశంలో పేదవాళ్ల మీద తెలియకుండా మందులు వాడిన గలీజు పనులు జరగబట్టే ఈ రూల్స్ బిగించినారు. కానీ ఇక్కడ మన జనానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాల అని రూలు. ఏది మనకు అర్థమయ్యే భాష? ఆ తమ్ముడికి తమిళం చదవను వస్తుంది. ఆయన ఇంటి అక్కకు తమిళం వినను వస్తుంది, చదవను రాదు. ఇంట్లో తెలుగే. పోయినేడు ఒక ఆసుపత్రిలో (ట్రయల్ కాదు, వేరే పరీక్షకు) ఆయమ్మ తెలుగు అంటే "తెలుగు ఫారం ఉంది" అని సంతోషంగా ఇచ్చినారు. పుస్తకాల తెలుగు. "దుష్ప్రభావములు", "యాదృచ్ఛికముగా", "స్వచ్ఛందముగా ఉపసంహరించుకొను హక్కు". మాకే రెండు మాటలకు నిఘంటువు కావలసివచ్చింది. ఆయమ్మ వేలిముద్ర వేసి వచ్చింది, తమిళంలో కైనాట్టు అంటారే, అది.

చదవను రానివాళ్లు సంతకం పెట్టేటప్పుడు ఏ పక్కకూ చెందని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాల అని కూడా రూలు ఉంది. సంఘం చేయగలిగిన పని ఇది. మన ఇంటి తెలుగులో చెప్పగలిగినవాళ్లు, "ఉత్త మాత్ర కూడా రావచ్చు, నీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకుంటే మామూలు వైద్యం ఆపరు" అని ఆయమ్మకు విప్పి చెప్పగలిగినవాళ్లు, ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాల. దానికి మండపం ఫండు అక్కరలేదు, బస్సు చార్జీ చాలు.

ఇప్పుడు కష్టమైన మాట. ఆ తమ్ముడికి నిజమైన ట్రయల్‌లో చోటు దొరుకుతుందా? దొరకకపోవచ్చు. చాలా ట్రయల్స్‌లో జబ్బు మొదలై ఏడాదిన్నర, రెండేళ్లు దాటకూడదు, ఊపిరి బలం ఇంత శాతం ఉండాల అని షరతు. జపానులో బీ12 సూదిని మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు, 50 మిల్లీగ్రాములు, వారానికి రెండు సార్లు ఇచ్చి 130 మంది మీద చూసినారు. మేలు తేలి 2024లో అక్కడ అనుమతి వచ్చింది. దాంట్లో తీసుకున్నది జబ్బు వచ్చి ఏడాది లోపల ఉన్నవాళ్లనే. (దయచేసి ఎవరూ మందుల అంగడికి పోయి బీ12 పెట్టె కొనొద్దు, డాక్టరును అడగండి.) మెడ పట్టీకీ నూనె మర్దనకూ పోయిన ఆ నెలలు ఎంత విలువైనవో ఇప్పుడు తెలుస్తా ఉంది. ఇంకా ఘోరం ఏమంటే, ముందే ఎక్కడో స్టెమ్ సెల్ వేసుకున్నవాళ్లను చాలా ట్రయల్స్ తీసుకోవు. ఐదు లక్షలు కట్టి, ఉన్న ఆ ఒక్క సన్న దారిని కూడా మనమే మూసేస్తాము.

రిలుజోల్ మాత్ర 1995 నుంచి ఉంది. పరీక్షల్లో రెండు మూడు నెలలు ఎక్కువ ఆయుస్సు చూపించింది. డాక్టరు రాసిచ్చినారు, ఆయన మింగుతున్నాడు. ఎస్ఓడీ1 అనే జన్యువులో తప్పు ఉన్నవాళ్లకు 2023లో టోఫర్సెన్ అని వెన్నులో వేసే మందు అమెరికాలో వచ్చింది. అట్లాంటివాళ్లు వందలో ఇద్దరు ఉంటారంతే. జన్యు పరీక్ష చేస్తే ఆయన ఆ ఇద్దరిలో ఉన్నాడా లేదా తెలుస్తుంది. ఆ పరీక్షకు సంఘం డబ్బు ఇయ్యాల అంటే మా నాలుగు చేతులూ ముందు లేస్తాయి.

పోయిన గురువారం ఆయన ఇంటికి పోయినాము. తీర్మానం చేసేముందు ఆయన్ను అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, లేరు. మాట ముద్ద ముద్దగా వస్తా ఉంది, అక్క పక్కనుండి చెప్తా ఉంది. అన్నీ చెప్పినాము, దాచలేదు. "ఉత్త మాత్ర వస్తే ఏం అన్నా?" అన్నాడు. రావచ్చు అన్నాము. కొన్ని ట్రయల్స్‌లో ముగ్గురికి మందు, ఒకరికి ఉత్త మాత్ర అనే లెక్కలో కూడా పెడుతున్నారు, అయినా రావచ్చు అన్నాము. కొంచెంసేపు ఊరుకున్నాడు. లేత్ మీద కొత్త టూల్ పెడితే మొదటి పీసు పాత టూల్ పీసు పక్కన పెట్టే కదా చూస్తాము అన్నాడు. తరువాత అడిగింది వేరే: రాత్రి పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, మాస్కు మిషన్ అద్దెకు దొరుకుతుందా అని. పగలంతా ఎత్తి దించడానికి అక్కకు నడుము పోయింది, ఒక మనిషిని పెట్టుకోవచ్చా అని. ఇది అడగడానికి ఆయన సిగ్గుపడినాడు. ఐదు లక్షలకు తీర్మానం చేసిన సంఘాన్ని మాస్కు అద్దె అడగడానికి సిగ్గు!

మా తీర్మానం ఇది. ఆ మూడు లక్షలు ఆ ఇంటికే, అక్క పేరున. మాస్కు మిషన్, ఒక సహాయం మనిషి జీతం, చక్రాల కుర్చీ, జన్యు పరీక్ష, పెద్ద నరాల ఆసుపత్రికి రెండు నెలలకొకసారి కారు. సీటీఆర్ఐలో ఆయనకు సరిపోయే ట్రయల్ ఉందా అని కోడలు బిడ్డ ప్రతి సోమవారం చూస్తుంది. ఉంటే మాలో ఇద్దరం కూడా పోతాము, ఫారం చదివి చెప్తాము. లేదని తేలితే లేదు అనే చెప్తాము.

ఆదివారం పొద్దున పదిన్నరకు మీటింగు. క్లినిక్‌కే ఇయ్యాలనేవాళ్లు ఆ నమోదు నంబరు తెచ్చి చూపిస్తే, మేము అక్కడే మాట వెనక్కి తీసుకుని మొదటి చందా రాస్తాము. తమ్ముడు తానే వస్తానన్నాడు. మండపం ముందర నాలుగు మెట్లు ఉన్నాయి, పందిరి వేసే తమ్ముడు శనివారం రాత్రే రెండు పలకలు వాలుగా వేసి మేకులు కొట్టి పెట్టాల.